నాలుగు తీగల కాకా

ఇప్పుడు నా షాపుకు వచ్చే ప్రతి కుర్రవాడికీ బేసు కావాలి. ఆటోలో పెట్టుకునే డబ్బా తెచ్చినా, ట్రాక్టరు మీద బిగించే పెట్టె తెచ్చినా ఒకటే మాట. "అన్నా, బేసు గట్టిగ రావాలె. ఛాతి అదరాలె." పోయిన వారం ధరూర్ నుంచి ఒకడు బండి వెనక పెద్ద పెట్టెను తాడుతో కట్టుకుని వనపర్తి దాకా వచ్చాడు. షాపు ముందే మోగించాడు. ఎదురుగా చాయ్ బండి మీద గిలాసలు గలగలలాడాయి. "ఎట్లున్నదే అన్నా?" అని మురిసిపోతూ అడిగాడు. "చప్పుడున్నది తమ్మీ, బేసు లేదు," అన్నాను. వాడు నా మొహంలోకి వింతగా చూశాడు. మాట అనేశాక నాకే అనిపించింది, ఇది నా మాట కాదే అని. ఆ మాట ఒక పెద్దమనిషిది. ఆయన పోయి చాలా ఏళ్లైంది. అయినా నా నోట్లో ఆయన మాటలు ఇట్లా ఊరికే తిరుగుతుంటాయి.

ఆయన పేరు నాకు తెలుసు గాని, ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. వనపర్తి బజారులో అందరికీ ఆయన నాలుగు తీగల కాకా. సినిమాల్లో ఆరు తీగల గిటారు చూసిన జనం, పాపం ఈయనదాంట్లో రెండు తెగిపోయాయి కాబోలు అనుకునేవాళ్లు. "మిగిలిన రెండు ఎప్పుడు ఏపిస్తవ్ కాకా?" అని అడిగేవాళ్లు. ఆయన కోపం తెచ్చుకోడు. "పైసలొచ్చినంక," అనేసి పోయేవాడు. అది బేసు గిటారని, దానికి ఉండేవే నాలుగు తీగలని ఎవరికీ విప్పి చెప్పిన పాపాన పోలేదు.

మొదటిసారి ఆయన నా దగ్గరికి వచ్చింది రెండువేల సంవత్సరం దాటిన ఒకటి రెండేళ్లకు. సీడీలు వచ్చేశాయి, క్యాసెట్లు వెనకబడ్డాయి. 'రేడియో, టేప్‌రికార్డర్ రిపేర్' అని పెద్ద అక్షరాలతో రాయించుకున్న బోర్డు కింద ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. సైకిలు క్యారియర్ మీద దుప్పట్లో చుట్టిన బరువేదో పెట్టుకుని, తొక్కలేక తోసుకుంటూ వచ్చాడు. సన్నటి మనిషి. తల మీద, భుజాల మీద పల్లికాయ పొట్టు దుమ్ము. మిల్లులో హమాలీ పని చేస్తాడని ఆ దుమ్మే చెప్పింది. దుప్పటి విప్పితే పాత మైక్‌సెట్టు ఆంప్లిఫయరు. గాజు బుడ్లు ఎర్రగా వెలిగే వాల్వుల రకం. గోపాల్‌పేటలో మైక్‌సెట్లు కిరాయికిచ్చే ఒకాయన మూలకు పడేస్తే అడిగి తెచ్చుకున్నాడట. లోపల బల్లి గుడ్లు పెట్టి ఉంది.

"దీన్ని బాగు జెయ్యాలె మెకానిక్ సాబ్," అన్నాడు. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "గని మరీ మంచిగ జెయ్యకు," అన్నాడు.

నాకు తిక్క రేగింది. ఒక టైలరు దగ్గరికి పోయి చొక్కా కుట్టు గాని వంకరగా కుట్టు అంటే వాడికి ఎట్లా ఉంటుంది?

"మంచిగ జెయ్యకుంటే ఇంకేం జెయ్యాలె కాకా?"

"సౌండు జర పగలాలె. మొదట్ల గుండ్రంగ ఉండాలె. గట్టిగ గుంజితే కొసకు గరగర అనాలె."

ఆ గరగర పోగొట్టడానికే నేను ఈ విద్య నేర్చుకున్నాను. దానితోనే పెళ్లాం పిల్లలను సాకుతున్నాను. ఆయన మాటను గాలికి వదిలేసి, కండెన్సర్లన్నీ మార్చి, సాల్డరింగ్ అంతా కొత్తగా చేసి, వారానికల్లా అద్దంలాంటి సౌండు తెప్పించాను. ఆయన గోనెసంచితో కుట్టించుకున్న గలేబులోంచి గిటారు తీసి, తగిలించి, ఒక తీగ మీటాడు. గది నిండా శుభ్రమైన చప్పుడు. ఆయన మొహం చూస్తే ఉప్పు లేని పప్పు తిన్నట్టుంది.

"గిది కడిగిన గిలాసలెక్క ఉన్నది," అన్నాడు మెల్లగా. "చాయ్ తాగిన గిలాసలెక్క ఉండాలె మెకానిక్ సాబ్."

నా పనిని అంత మర్యాదగా ఎవరూ తిట్టలేదు. ఆ రోజు పొమ్మన్నాను. రెండు రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి పని చెప్పలేదు, నా బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని నేను చేసే పని చూస్తూ ఉండిపోయాడు. ఆ రాకపోకలు నాలుగైదేళ్లు సాగాయి.

తన కథ వరుసగా ఎప్పుడూ చెప్పలేదు. చాయ్ తాగుతూ ఒక ముక్క, వాన తగ్గేదాకా ఇంకో ముక్క. అన్నీ కలిపి నాకు అర్థమైంది ఇది. కరువు సంవత్సరం మేస్త్రీ వెంట ముఠాతో బొంబాయి పోయాడు. సముద్రం ఒడ్డున ఒక హోటలు కడుతుంటే తట్టలు మోశాడు. హోటలు తెరిచాక అందులో ఇంగ్లీషు పాటలు వాయించే నలుగురు కుర్రాళ్లకు పెట్టెలు మోశాడు. వాళ్లలో బేసు వాయించేవాడు, ఈయన గోడకు చెవి ఆనించి వినడం చూసి నేర్పాడు. కొన్నాళ్లకు ఆ నలుగురూ తగువులాడి తలో దిక్కు పోయారు. పోతూ పోతూ ఆ బేసు వాయించేవాడు తన పాత గిటారును, ఒక టేప్‌రికార్డరును, ఒక క్యాసెట్టును ఈయన చేతిలో పెట్టి పోయాడు. డెబ్బైల చివర ఆ మూడింటితో మా జిల్లాకు తిరిగివచ్చాడు. ఊళ్లో వాళ్లు బొంబాయి నుంచి ఏం తెచ్చినవ్ అని అడిగితే చూపించడానికి అవే ఉన్నాయి.

క్యాసెట్టులో ఏదో విదేశీ రాక్ బృందం పాటలు. అట్ట మీద పేరు చెరిగిపోయింది, ఎవరు పాడారో ఆయనకూ తెలియదు. ఒక పాట మొదట్లో ఎవరూ పాడకముందే బేసు ఒక్కటే వస్తుంది. కొన్ని క్షణాలే. లావుగా, బద్ధకంగా, ఆవులిస్తూ లేచిన ఎద్దు అడుగులు వేసినట్టు వస్తుంది. ఆ సౌండు ఒక్కసారి తన చేతి కింద పలకాలి. ఆయన జీవితంలో అడిగింది అదే.

దానికోసం చేయని పని లేదు. భార్య హవాయి చెప్పులోంచి ముక్క కోసి, గిటారు మీద తీగలు ఆనే గుర్రం దగ్గర, వాటి కింద దూర్చాడు, మోత ఎక్కువసేపు సాగకుండా. ఆమె ఒంటి చెప్పుతో వారం రోజులు తిట్టింది. కొమ్ము దువ్వెన విరగ్గొట్టి ఆ ముక్కతో మీటేవాడు. బొంబాయి నుంచి వచ్చినప్పటి తీగలు మార్చనే లేదు. నేను ఒకసారి స్పిరిటు దూదితో తుడవబోతే చెయ్యి పట్టి ఆపాడు. "దాని మీద నా ఇరవై ఏండ్ల చెమట ఉన్నది. గది తుడిస్తే మిగిలేది ఇనుమే," అన్నాడు. ఎప్పుడో డేరా సినిమా వాళ్లు వదిలిపెట్టిన పెద్ద స్పీకరును, తలుపులు మూసుకునే పాతకాలం టీవీ కట్టెపెట్టెలో బిగించాం. ఆ టీవీ పెట్టె నా షాపుదే. అప్పటికి నాకూ ఆ పిచ్చి అంటుకుంది.

వినేటప్పుడు ఆయన చెవి పెట్టడు. స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో ఎటో చూస్తాడు. బాగుంటే పొట్ట నిమురుకుంటాడు. బాగాలేకపోతే చొక్కా గుండీలు ఒకసారి విప్పి మళ్లీ పెట్టుకుంటాడు. గుండీల మీదికి చెయ్యి పోయిందంటే నేను మళ్లీ స్క్రూడ్రైవరు అందుకునేవాణ్ని.

"పాట ముందట ఉరుకుతది," అనేవాడు. "బేసు ఎన్క నడుస్తది. ఎవ్వలు పడిపోకుంట సూస్తది."

ఆంప్లిఫయరులో నేను మార్చిన కొత్త కండెన్సర్లను ఒక్కొక్కటిగా తీసి పాతవే వేశాను. అయినా ఆ సౌండు రాలేదు. పైగా ఆయన ఉండే పల్లెలో కరెంటుకు ఒక పద్ధతి లేదు, వాల్వులు కాలిపోతాయేమోనని భయపడి, మా ఇంట్లో వాడకుండా ఉన్న స్టెబిలైజరు కూడా తీసుకెళ్లి తగిలించాను. వోల్టేజీ గీత గీసినట్టు వచ్చేది. సౌండు మాత్రం కడిగిన గిలాసే.

రెండో ఎండాకాలం ఒక మధ్యాహ్నం వాళ్లింటికి పోయాను. గోపాల్‌పేటకు అవతల చిన్న పల్లె, రేకుల ఇల్లు. ఆ రోజు స్టెబిలైజరు నుంచి కాలిన వాసన వస్తే తీసి పక్కన పెట్టి, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి వాయిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పొలాలకు త్రీఫేజు కరెంటు ఇచ్చారు. మా దగ్గర అది తెలియడానికి గడియారం అక్కర్లేదు. ఊరి మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకోగానే బల్బు ఎర్రబడింది, ఫ్యాను మూలిగింది. ఆంప్లిఫయరులో వాల్వులు కూడా మసకబారాయి. ఆయన చెయ్యి ఆపలేదు.

వచ్చింది. లావుగా, కొసకు పగిలి, ఆవులిస్తూ. రేకులు సన్నగా అదిరాయి. వంట దగ్గర ఉన్న ఆయన భార్య గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏమైందే?" అంది నన్ను చూసి.

ఆయన పొట్ట నిమురుకుంటున్నాడు. కళ్లలో నీళ్లు. నేను నేల మీద చతికిలబడి నవ్వుతున్నాను. ఊరంతా వోల్టేజీ పెంచుకోవడానికి నానా తంటాలు పడుతుంటే, మాకు కావలసింది తక్కువ వోల్టేజీ అని తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత, చేత్తో బొత్తాం తిప్పి వోల్టేజీ పెంచుకునే పాత పెట్టె ఒకటుంటే, దాని లోపలి వైర్లు అటువి ఇటు చేసి, తగ్గించేలా మార్చి ఇచ్చాను. మోటార్లు ఆగిపోయినా ఆ సౌండు నిలిచింది. నా సర్వీసులో నేను గర్వంగా చెప్పుకోదగ్గ పని అదొక్కటేనేమో.

ఇక్కడితో కథ సుఖంగా ముగియాలి. కాని సౌండు దొరికిన మనిషికి దాన్ని నలుగురిలో వాయించాలని ఉంటుంది కదా. ఆయనకు ఆ యోగం లేదు. శ్రుతి కలవదు.

ఆయన గిటారు అందరి వాయిద్యాల కంటే దాదాపు రెండు మెట్లు కిందికి ఉండేది. రోజూ పొద్దున క్యాసెట్టు పెట్టి, దాని ప్రకారం తీగలు బిగించుకునేవాడు. అదే అసలు శ్రుతి అని ఆయన నమ్మకం. హార్మోనియంలు, కీబోర్డులు, ఈ దేశంలో వాయించే పెట్టెలన్నీ తప్పుగా తయారై వస్తున్నాయని, విదేశం నుంచి వచ్చిన తన క్యాసెట్టు ఒక్కటే సరైనదని చెప్పేవాడు. నాగర్‌కర్నూల్‌లో ఒక పెళ్లికి ఆర్కెస్ట్రాతో పోతే, పాట మొదలుకాగానే రెండు పాటలు ఒకేసారి పాడినట్టు వినబడి, వాళ్లు స్టేజీ మీదే ఆయన ప్లగ్గు పీకేశారు. ఆయన పాట అయ్యేదాకా వాయిస్తూనే నిలబడ్డాడట. ఈ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

"గిటారు మెడ మీద రెండు గళ్లు పైన పట్టుకుంటే కలుస్తది గద కాకా?" అన్నాను.

"కలుస్తది. గని వేలు ఆనని ఖాలీ తీగ పోతది. బలమంత ఖాలీ తీగలనే ఉంటది. అయినా ఆల్ల పెట్టె తప్పుంటే నేనెందుకు జరగాలె?"

వాళ్ల ఊరి చర్చిలో కూడా అదే తంతు. ఆదివారం పాటలకు కీబోర్డు వాయించేది ఒక టీచరమ్మ. వనపర్తిలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే పెళ్లికాని పిల్ల. క్రిస్మస్ ఆరాధనకు వాయించమని ఆమె ఏటా అడిగేది, శ్రుతి కలుపుకుంటేనే అని షరతు పెట్టేది. ఈయన ఏటా కాదనేవాడు. క్రిస్మస్ రోజున భార్యతో పాటు చర్చికి పోయి, గోడ వారగా చాప మీద చేతులు కట్టుకుని కూర్చునేవాడు.

ఒక చలికాలం ఆయన టేప్‌రికార్డరు ఆగిపోయింది. అన్నేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా నా చేతికి ఇవ్వలేదు. ఆ రోజు జ్వరం పిల్లను తెచ్చినట్టు తువ్వాలలో చుట్టి తెచ్చాడు. ఆంప్లిఫయరులో ఏదో వైరు ఊడిందని గిటారుతో సహా ముందు రోజే నా దగ్గర దించి ఉన్నాడు. "జర పైలం," అని నాలుగుసార్లు జాగ్రత్తలు చెప్పి మిల్లుకు పోయాడు.

విప్పి చూస్తే బెల్టు తెగింది. అంతే. కొత్తది వేశాను. మా పనిలో ఒక అలవాటు ఉంటుంది. బెల్టు మార్చాక, మనకు బాగా తెలిసిన పాట క్యాసెట్టు వేసి వేగం చూసుకోవాలి. వేశాను. పాట ఈడ్చుకుంటూ వచ్చింది, సెల్లులు అయిపోయిన రేడియోలాగా. మోటారు వైపు చూశాను. అది ఆ సెట్టు మోటారు కాదు. బొంబాయిలో ఎవరో ఎప్పుడో వేరేది తెచ్చి బిగించారు. మోటారు వెనక చిన్న రంధ్రంలో వేగం మార్చే స్క్రూ ఉంటుంది. చెయ్యి ఊరుకోక దాన్ని తిప్పాను. నా పాట సరైన వేగానికి వచ్చింది. అప్పుడు ఆయన క్యాసెట్టు వేశాను.

ఆ ఎద్దు లేదు. చలాకీగా, పలచగా, ఎవరో కుర్రవాడు గంతులేస్తూ పోతున్నట్టు బేసు వచ్చింది. మామూలు బేసు. మంచి బేసే. షాపులో ఉన్న చిన్న కీబోర్డు మీద చూశాను. కచ్చితంగా కలిసింది.

తెలివైనవాడినని మొదట నా భుజం నేనే తట్టుకున్నాను. ఇన్నేళ్ల తగువు ఒక స్క్రూతో తేలిపోయింది! తర్వాత స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను. ఆ సౌండు ఏ బృందమూ ఏనాడూ వాయించలేదు. నెమ్మదిగా తిరిగే ఒక మోటారులో పుట్టి, ఈయన ఒక్కడి చెవిలో పెరిగింది. ఇరవై ఏళ్లకు పైగా ప్రపంచమంతా తప్పు, నా క్యాసెట్టే ఒప్పు అని నిలబడ్డ మనిషికి, తప్పు నీ టేప్‌రికార్డరుదే అని ఏ నోటితో చెప్పాలి? సాయంత్రం ఐదుకు వస్తాడు. నాలుగు దాటింది.

మూలకు ఆనించి ఉన్న ఆయన గిటారు తీసుకున్నాను. పాత క్యాసెట్టు శ్రుతిలోనే ఉంది. లావు తీగ మీటుకుంటూ, స్క్రూను వెనక్కి తిప్పుతూ, పాటను ఆ తీగ దాకా దించాను. ఎద్దు మళ్లీ లేచి వచ్చింది.

ఆయన వచ్చి విన్నాడు. అరచెయ్యి ఆనించాడు, ఎడమ కన్ను మూశాడు. నేను ఆయన గుండీల వైపే చూస్తున్నాను. చెయ్యి పొట్ట మీదికి పోయింది.

"నీ చెయ్యి సల్లగుండ," అన్నాడు. "ఇసుమంత గూడ తేడా రానియ్యలే."

ఆ క్రిస్మస్‌కు కూడా ఆయన వాయించలేదు. గోడ వారగా చాప మీదే కూర్చున్నాడని విన్నాను. దయ తలిచి చేశాననుకున్న పని ఆయనను ఇంకో ఏడాది గోడకు ఆనించిందని నాకు అప్పుడు తట్టలేదు. అది తట్టించింది ఆయన భార్య. మరుసటి ఏడు పల్లికాయ పీకే పనులు మొదలైన రోజుల్లో, బజారుకు వచ్చి నా షాపు మెట్టు మీద కూర్చుంది.

"తమ్మీ, క్రిస్మస్‌కు మల్ల అడిగిన్రు. శ్రుతి కలుపుకొని రమ్మన్నరు. పోనంటే పోను అంటుండు," అంది. "పెండ్లయిన కాడ్కెల్లి సూస్తున్న. ఇంట్లనే వాయిస్తడు, ఇంట్లనే మూట గడ్తడు. నలుగుట్ల వాయిస్తుంటే ఒక్కపారి సూడాలని ఉన్నది నాకు. నీ మాట ఇంటడు. నువ్వన్న చెప్పరాదు?"

ఆ ఆదివారం నిజం చెప్పేద్దామని బయలుదేరాను. వాకిట్లోకి పోయేసరికి క్యాసెట్టు పెట్టుకుని తీగలు బిగించుకుంటున్నాడు. ఒక్కో తీగను కొంచెం తిప్పడం, తల పక్కకు వంచడం, మళ్లీ కొంచెం తిప్పడం. నన్ను చూసి, "సూడు మెకానిక్ సాబ్, ఎంత సరిగ్గ కలిసిందో," అన్నాడు. చాయ్ తాగి వచ్చేశాను. నాకు అంత ధైర్యం లేదు, ఇప్పుడు ఒప్పుకుంటే తప్పేముంది.

తిరిగి వస్తూ టీచరమ్మ ఇంటి దగ్గర ఆగాను. ఆమెకు మోటారు సంగతి, స్క్రూ సంగతి అంతా చెప్పాను. మొదట పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఆయనకు చెప్పిన్రా?" అంది.

"లేదమ్మా. ఆయన పైకి రాడు. మీరే కిందికి దిగాలె. మీ కీబోర్డుకు శ్రుతి దించే బటన్ ఉంటది గద."

ఆమె మొహం మాడ్చుకుంది. "గంతమందిమి ఆయన ఒక్కని కోసం దిగాల్నా అన్నా? నెల రోజులాయె పిల్లలతోని ప్రాక్టీసు చేయిస్తున్న. నేను పాడే పాట పైన ఎత్తుకుంటేనే బాగుంటది. దించితే సప్పగైతది."

"ఒక్క పాటకమ్మా. మీరొక్కరు పాడేది గాదు, అందరు గల్సి పాడేది ఒక్కటి."

పాటల పుస్తకం తీసి ఒక పేజీ దగ్గర వేలు పెట్టింది. ఆఖరికి, "సరే, ఒక్కటే," అంది. నేను లేచి గేటు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది. "అన్నా, ఆ మోటరు ముచ్చట ఆయనకు ఎప్పటికీ చెప్పకుండ్రి."

ఆమే స్వయంగా వాళ్లింటికి పోయి, ఈసారి కలుస్తుంది రండి కాకా అని పిలిచిందట. ఆయన నమ్మలేదు. భార్య మొహం చూసి ఒప్పుకున్నాడు.

క్రిస్మస్ పొద్దున ఆంప్లిఫయరు, టీవీ పెట్టె, నా వోల్టేజీ పెట్టె ఆటోలో వేసుకుని నేనే తీసుకెళ్లాను. చర్చి అంటే సున్నం వేసిన ఒక పొడుగు గది. ముందు పిల్లలు, మధ్యలో మగవాళ్లు, వెనక చాపల మీద ఆడవాళ్లు. ఆయన ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, మొదటి రెండు పాటలకు గిటారు ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాడు. అవి పై శ్రుతిలో ఉన్నాయి. ఆయన చెయ్యి గుండీల మీద ఉంది. టీచరమ్మ, నేను ముందే చెప్పిన లెక్కన, కీబోర్డు శ్రుతిని రెండు మెట్లు దించింది, ఇంకా ఉన్న కాస్త తేడాను వేరే మీటతో సరిచేసింది, నా వైపు చూసి తలూపింది. నేను వోల్టేజీ బొత్తాం తిప్పాను. ఊళ్లో పిల్లాపెద్దా అందరికీ వచ్చిన పాట అది.

మొదటి ఖాళీ తీగ మోగింది. కీబోర్డు దాని మీద వచ్చి కూర్చుంది. కలిసింది. ఆయన తల ఎత్తి కీబోర్డు వైపు, టీచరమ్మ వైపు, మళ్లీ కీబోర్డు వైపు చూశాడు. చెయ్యి మాత్రం నడుస్తూనే ఉంది.

అప్పుడు మేమెవరం లెక్కలో పెట్టుకోని సంగతి ఒకటి జరిగింది. వెనక చాపల మీది ఆడవాళ్లు పాడసాగారు. పొలాల్లో ఒకరినొకరు పిలుచుకుని మోటుబారిన గొంతులు, వయసుతో దిగిపోయిన గొంతులు. ఆ చర్చిలో పాటలు ఎప్పుడూ టీచరమ్మ గొంతుకు సరిపోయే ఎత్తులోనే ఉండేవి. వీళ్లకు అందేవి కావు. ఏళ్ల తరబడి పెదవులు కదిపి ఊరుకున్నారు, ఎవరినీ ఏమీ అనలేదు. ఈ రోజు పాట వాళ్ల దగ్గరికి దిగింది. మొదట నలుగురు, తర్వాత అందరూ. ముందున్న పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. అందరిలోకీ ఒక గొంతు బొంగురుగా, ధాటిగా పైకి లేచింది. అది ఆయన భార్యది. ఆమె పాడగా ఆయన కూడా అంతకుముందు వినలేదనుకుంటాను. తాళంలో ఒక దెబ్బ తప్పాడు. నాలుగైదేళ్లలో ఆయన దెబ్బ తప్పగా నేను చూసింది అదొక్కసారే.

పాట అయిపోయింది. టీచరమ్మ తరువాతి పాటకు శ్రుతి పైకి పెంచలేదు. తను పాడవలసిన పాట కూడా ఆ దించిన శ్రుతిలోనే పాడింది, వెనకవాళ్లందరూ అందుకున్నారు.

ఆరాధన ముగిశాక జనం కేకు ముక్కల కోసం బయటికి పోయారు. ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి తడిగా ఉంది. కీబోర్డు వైపు గడ్డంతో చూపించాడు.

"గా పెట్టె తప్పు సరైంది సూసినవా? ఎవ్వలు జేసిన్రు, నువ్వేనా?"

టీచరమ్మ నా వెనకే ఉంది.

"అవు కాకా," అన్నాను. "నేనే జేసిన."

ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. అన్నేళ్లలో నా మీద మొదటిసారి కోపం వచ్చింది ఆ మొహంలో.

"మరి గింత పని చేతనైనోనివి, ఇన్నేండ్ల కాడ్కెల్లి ఎందుకు జెయ్యలేదుర?"

వంగి ప్లగ్గు పీకి, వైరు చుట్టుకుంటూ ఉండిపోయాను.